ఏడాదిన్నర శాసనసభ్యుడు – సురవరం ప్రతాపరెడ్డిగారు



నేను పాలమూరు సీమలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితునిగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. ఉద్యోగమున చేరిన తొలిదినములలో ఒక గ్రామమున సురవరం ప్రతాపరెడ్డిగారి జయంతి జరిపించితిని. పిల్లలచే పద్యములు చదివించి, ఆయన గొప్పతనమును గూర్చి నాకు తోచినంత చెప్పి, చివర "ఆయన 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైరి" అని ముగించితిని. రచ్చకట్టపై కూర్చున్న ఒక వృద్ధుడు నన్ను దగ్గరకు పిలిచి, "పంతులూ! ఎమ్మెల్యే అయిండంటివి, బాగనే ఉన్నది. మరి ఏం జేసిండు? చెర్వు గట్టించిండా? తొవ్వ ఏయించిండా?" అని అడిగెను.

నాకు సమాధానము తోచలేదు. ఏదియో చెప్పి తప్పించుకొంటిని. ఆ పెద్ద నవ్వి ఊరకుండెను. ఆ నవ్వు నన్ను చాల కాలము వదలలేదు. ఆయన ప్రశ్నలో తప్పు లేదు. ఓటు వేసినవానికి లెక్క అడుగు హక్కు కలదు. లెక్క చెప్పలేకపోవుట నా అజ్ఞానము. నాడు చెప్పలేని సమాధానమును నేడు మీ యెదుట చెప్పుటకు ప్రయత్నించెదను.

ముందుగా దూరదేశపు ముచ్చట ఒకటి వినుడు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రతినిధుల సభ యని యొకటి కలదు. దాని సభ్యుల గడువు రెండేండ్లు మాత్రమే. ఇల్లినాయి రాష్ట్రమునుండి అబ్రహాం లింకను అను న్యాయవాది 1847వ సంవత్సరము మార్చిలో ఆ సభలో ప్రవేశించి, 1849 మార్చిలో వెలుపలికి వచ్చెను. ఆయన ఆ సభలో కూర్చున్నది ఆ ఒక్కమారే. ఆ కాలమున అమెరికాకును మెక్సికోకును యుద్ధము జరుగుచుండెను. మన గడ్డమీద మనవారి నెత్తురు చిందినది కనుక యుద్ధము చేయుచున్నామని దేశాధ్యక్షుడు పోక్ ప్రకటించెను. లింకను లేచి, ఆ నెత్తురు చిందిన తావు ఏదియో చూపుమని తీర్మానములు ప్రతిపాదించెను. యుద్ధోత్సాహముతో ఉన్న జనులకు ఈ ప్రశ్న రుచింపలేదు. ప్రత్యర్థులు ఆయనను హేళన చేసిరి. ఆ పక్షమువారు ఆ స్థానమునకు ఒకరి తరువాత ఒకరు నిలుచునట్లు ఒడంబడియుండుటచే ఆయన మరల పోటీచేయక, తన ఊరికి వచ్చి న్యాయవాదవృత్తి సాగించుకొనెను. 1849లో ఆయనను చూచినవారు ఈయన సభకు పోయి చేసినదేమని అడిగియుందురు. ఆయనయే 1860లో దేశాధ్యక్షుడుగా ఎన్నికై, 1863లో బానిసలకు విముక్తి ప్రకటించి, 1865లో హంతకుని గుండుకు బలియయ్యెను.

వీరిరువురును సమానులని చెప్పుట నా ఉద్దేశము గాదు. దేశకాలములు వేరు, చేసిన పనులు వేరు. ఒక్క సంగతి మాత్రము పోల్చదగినది. సభలో కూర్చున్న దినముల లెక్కతో మనుష్యుని కొలువరాదు. లింకను విషయమున గొప్ప పని సభ్యత్వమునకు తరువాత వచ్చినది. మన ప్రతాపరెడ్డిగారి విషయమున అది సభ్యత్వమునకు ముందే జరిగిపోయినది. ఆ ముందటి కథ తెలియనిదే వనపర్తి కథ బోధపడదు.

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న భూమిని మనము నడిగడ్డ యందుము. అచ్చటి ఇటిక్యాలపాడు ప్రతాపరెడ్డిగారి ఊరు. 1896 మే 28న జన్మించిరి. తుంగభద్ర దాటిన కర్నూలు. అచ్చట చదువును, సంస్కృతాధ్యయనమును సాగినవి. పిమ్మట హైదరాబాదు నిజాం కళాశాలలోను, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి పట్టము పొంది, న్యాయశాస్త్రమును గూడ అభ్యసించిరి. న్యాయవాదిగా స్థిరపడి సుఖముగా జీవించుటకు ఆయనకు కొరత యేమియు లేకుండెను. ఆయన ఆ త్రోవను పోలేదు.

ఎందుకు పోలేదో తెలియుటకు ఆ కాలపు స్థితిని తలచుకొనవలెను. నిజాము రాజ్యమున తెలుగు మాటాడువారే యెక్కువ సంఖ్యగా నుండిరి. అయినను కచేరీలో అర్జీ ఉరుదులో నుండవలెను; న్యాయస్థానమున తీర్పు ఉరుదులో; 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉరుదులో. ఉరుదు మధురమైన భాష. దానిని నిందింప పనిలేదు. కాని తన వ్యాజ్యములో ఏమి వ్రాసినారో రైతు తాను చదువుకొనలేడు. 1921 నవంబరులో హైదరాబాదున మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. అందు అల్లంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది తెలుగున మాటాడ లేచినంతనే కొందరు గేలిచేసిరి. ఇతర భాషలు చెల్లిన సభలో తెలుగు చెల్లదాయెను. ఆ అవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు మున్నగువారు దానికి మూలపురుషులు.

ఆ మరుసటియేట, అనగా 1922లో, నల్లగొండనుండి "నీలగిరి", ఇనుగుర్తినుండి "తెనుగు" అను పత్రికలు వెలువడినవి. ధైర్యముతో చేసిన పనులే గాని అవి దీర్ఘకాలము నిలువలేదు. ఇట్టి తరుణమున 1925 మే 10న ప్రతాపరెడ్డిగారు హైదరాబాదునుండి "గోలకొండ పత్రిక"ను ఆరంభించిరి. నగర కొత్వాలుగా నుండిన రాజాబహదూరు వేంకటరామారెడ్డిగారి తోడ్పాటు దీనికి లభించినది. పత్రిక వారమునకు రెండుమారులు వెలువడుచుండెను.

పత్రిక నడుపుట యనగా నేటి వారికి సులభముగా తోచవచ్చును. ఆనాడు చదువరులు నూటికి పదిమందికి మించని దేశము. ప్రభుత్వము ప్రతి అక్షరమును అనుమానముతో చూచు కాలము. సంపాదకుడే పలు మారుపేర్లతో వ్యాసములు వ్రాసి పుటలు నింపవలసియుండెను. అయినను పత్రిక నిలిచినది. ఊరికి ఒక ప్రతి వచ్చిన చాలును. చదువు వచ్చిన ఒకడు పైకి చదువుచుండగా పదిమంది వినుచుండెడివారు. మా తాతగారు అట్లు విన్నవారిలో ఒకరు. వెట్టి యన్నది అన్యాయమని మనసులో నున్నను, అచ్చులో చూచినప్పుడే అది బయట అనదగిన మాట యని తెలిసినదని ఆయన చెప్పెడివారు. ఆ వాక్యమును నేను మరువలేదు.

1934 నాటి సంగతి ఒకటి కలదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒక పండితుడు వ్రాసెను. ఇతరులైనచో కోపముతో నాలుగు పుటల ఖండనము వ్రాసి తృప్తి పడియుందురు. ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, పల్లెపల్లెనుండి కవుల రచనలను, వివరములను తెప్పించి, 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక"ను ప్రకటించిరి. బదులు ఇట్లుండవలెను! అందరును మహాకవులని చెప్పజాలము. కాని ఎన్నడును ఊరు దాటని పేర్లు అందు అచ్చయినవి. నల్లగొండ, పాలమూరు సీమల పండితవంశములవారు తమ పూర్వుల పేర్లు అందు నేటికిని వెదకికొనుచుందురు.

పత్రికతో పాటు సభలును నడిచినవి. ఆ కాలమున గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు కలదు. దాని ప్రకారము ముందుగా అనుమతి పొందనిదే సభ జరుపరాదు. ఆ కట్టుబాటులోనే 1930లో మెదకు జిల్లా జోగిపేటలో నిజాము రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. దానికి అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారు. మరుసటియేట మన నల్లగొండ జిల్లా దేవరకొండలో ద్వితీయ మహాసభ బూర్గులవారి అధ్యక్షతన జరిగెను. 1936లో పాలమూరు జిల్లా షాదునగరమునందును మహాసభ కూడినది. చదువు, గ్రంథాలయములు, స్త్రీల స్థితి, వెట్టిచాకిరి – ఇవి ఆ సభలలో చర్చకు వచ్చిన విషయములు. పైకి చూడ సాధువైన విషయములే. కాని వేలమంది తెలుగువారు ఒకచోట చేరి తమ భాషలో తమ కష్టము చెప్పుకొనుటయే ఒక విప్లవము.

కాలక్రమమున ఆ మహాసభలో భేదములు వచ్చినవి. 1944లో భువనగిరి సభనాటికి అతివాదులు, మితవాదులు విడిపోయిరి. రావి నారాయణరెడ్డిగారి నాయకత్వమున ఒక వర్గము సాయుధపోరాటము వైపు సాగెను. ప్రతాపరెడ్డిగారు కలమును విడువలేదు. ఎవరి త్రోవ సరియైనదో నేడు ఇచ్చట తేల్చుట నా పని కాదు. మీలో పలువురి ఇండ్లలో ఆ రెండు త్రోవల మనుష్యులును ఉండియుందురు.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1949లో జాగీరులు రద్దయినవి. గద్వాల, వనపర్తి మున్నగు సంస్థానముల ప్రత్యేకాధికారములును అంతరించినవి. 1952 తొలిదినములలో హైదరాబాదు రాష్ట్రమున వయోజనులందరకు ఓటు గల మొదటి ఎన్నికలు జరిగినవి. పటేలునకు ఒక్క ఓటు, పాలేరునకు ఒక్క ఓటు. అభ్యర్థికి ఒక పెట్టె, పెట్టెపై ఒక గుర్తు. కాంగ్రెసు గుర్తు కాడిఎద్దులు. చదువు రానివాడు గుర్తు చూచి తన చీటిని ఆ పెట్టెలో వేయవలెను. నల్లగొండ లోక్‌సభ స్థానమున రావి నారాయణరెడ్డిగారు నెహ్రూగారికంటెను ఎక్కువ ఓట్లు పొందిరి. వనపర్తినుండి కాంగ్రెసు పక్షమున ప్రతాపరెడ్డిగారు శాసనసభ్యులైరి. సంస్థానాధిపతుల ఏలుబడిలో నుండిన ఊరు, ఒక పత్రికా సంపాదకుని తన ప్రతినిధిగా పంపుట చిన్న సంగతి కాదు.

ఆ సభలో 175 స్థానములు. తెలంగాణమువారు, మరాఠ్వాడావారు, కర్ణాటకమువారు ఒక్కచోట కూర్చుండిరి. మార్చి 6న బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రియైరి. ఆయనయు పాలమూరు జిల్లావారే. ఇరువదేండ్ల క్రిందట అనుమతి చీటి లేనిదే సభ జరుపలేకపోయినవారు ఇప్పుడు చట్టములు చేయు సభలో కూర్చుండిరి.

ప్రతాపరెడ్డిగారు ఆ సభలో కూర్చున్నది ఏడాదిన్నర మాత్రమే. 1953 ఆగస్టు 25న, తమ 57వ యేట, ఆయన పరమపదించిరి. అటుపై అయిదారు వారములకు, అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆయన చిన్ననాడు చదువుకొన్న ఊరు రాజధాని యగుట ఆయన చూడలేదు. 1956 నవంబరు 1న తెలంగాణము, ఆంధ్రము ఏకమై ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటయు, 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమగుటయు తరువాతి కథలు. ఇంకొక విశేషము గమనింపదగినది. హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగినది 1952లో ఒక్కమారే. 1956లో ఆ రాష్ట్రమే లేకపోయినది. కావున ఆ సభకు వెళ్లిన 175 మందియు, మరణించినవారును బ్రతికియున్నవారును, ముఖ్యమంత్రితో సహా, ఆ సభకు ఒక్కమారు సభ్యులే.

ఇక ఆ వృద్ధుని ప్రశ్నకు వత్తును. చెరువు కట్టించెనా? నేడు ఆయనను ఏ చెరువుతోను, ఏ బాటతోను, ఏ చట్టముతోను జతపరచి ఎవరును స్మరింపరు. ఇది దాచవలసిన సంగతి కాదు. కాని ఆ ప్రశ్నను కొంచెము తిప్పి అడిగి చూడుడు. 1952లో వనపర్తి రైతు పెట్టె యెదుట నిలిచి, ఇది నా ఓటు, దీనిని దొర చెప్పినట్లు వేయవలసిన పని లేదు, అని తలచుటకు ధైర్యమెక్కడిది? 1925 మొదలు 1952 వరకు, 27 ఏండ్లు, పత్రికలు, గ్రంథాలయములు, మహాసభలు దున్ని పదును చేసిన పొలమది. ఆ పనిలో పలువురు పాలుపంచుకొనిరి; ప్రతాపరెడ్డిగారు ఆ ముందువరుసలోని వారు. ఓటరును తయారుచేసినవాడు ఆ ఓటుతో ఏడాదిన్నర సభలో కూర్చుండెను. లెక్క వ్రాయునపుడు ఏడాదిన్నరను మాత్రమే వ్రాసి, 27 ఏండ్లను విడిచిపెట్టుట పద్దు తప్పుగా వ్రాయుట యగును.

రెండవ పద్దు ఇంకొకటి కలదు. అది 1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర". సభకు పోవుటకు మూడేండ్లు ముందు పూర్తియైన గ్రంథము. రాజులు ఎవరెవరితో ఎప్పుడు యుద్ధము చేసిరి యను కథకే చరిత్ర యని పేరు సాగుచుండగా, ప్రతాపరెడ్డిగారు వేరు ప్రశ్నలు వేసిరి. మన పూర్వులు ఏమి తినిరి? ఏమి కట్టిరి? ఏ ఆటలు ఆడిరి? ఏ కొలతలతో ధాన్యము కొలిచిరి? సంతలో ఏమి అమ్మిరి? వీనికి సమాధానములు శాసనములలో కొద్దిగానే దొరకును. అందుచే ఆయన కావ్యములను తెరచిరి. పాల్కురికి సోమనాథుని గ్రంథములలో ఆటపాటలు, వంటకములు, వాద్యములు. క్రీడాభిరామములో ఓరుగల్లు వీధులు, పూటకూటి ఇల్లు. ఆముక్తమాల్యదలో వానకాలపు రైతు బ్రతుకు – ఇట్లు అలంకారముల నడుమ దాగిన సామాన్యుని వెదకి తీసిరి. తూర్పు చాళుక్యుల కాలము మొదలు ఇరువదవ శతాబ్ది ఆరంభము వరకు సుమారు తొమ్మిదివందల యేండ్ల ప్రజాజీవనము ఆ గ్రంథమున కనబడును.

నేను సంప్రదాయరీతిని చదువుకొన్నవాడను. మా గురువులు ఆముక్తమాల్యదను శ్లేషలకొరకు, సమాసములకొరకు చెప్పిరి. అందలి రైతు గుడిసెను, తడిసిన కట్టెల పొగను నేను చూడనేలేదు. సాంఘిక చరిత్ర చదివిన పిమ్మట మరల ఆ ప్రబంధము తెరచినప్పుడు, నాకు బాగుగా తెలిసినదనుకొన్న గ్రంథము క్రొత్తదిగా కనబడెను. ఆ పూట నాకు కలిగిన సిగ్గును, సంతోషమును నేటికిని చెప్పజాలను.

1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగు భాషకు తొలిసారి పురస్కారము ప్రకటించినప్పుడు దానిని ఈ గ్రంథమునకే యిచ్చినది. అప్పటికి గ్రంథకర్త మరణించి రెండేండ్లు. హైదరాబాదు ట్యాంకుబండుపై ఆయన విగ్రహము వెలసినది. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ, హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టు బిల్లును ఆమోదించినది. ఏడాదిన్నర సభ్యుడుగా నుండిన వాని పేరు, డెబ్బదియేండ్లు గడచిన పిమ్మట, శాసనసభలో మరల వినబడినది.

గ్రామపెద్దలారా! ఇంతవరకు చెప్పినది పొగడ్త మాత్రమే యైనచో నా శ్రమ వ్యర్థము. విగ్రహమునకు పూలదండ వేయుట సులభము. ఆయన చేసిన పనిని కొనసాగించుట కష్టము, కాని అది మీ చేతిలోనే యున్నది. మోట కొట్టిన చేతులు మన ఊళ్లలో ఇంక కొన్నియే మిగిలియున్నవి. సోల, తవ్వ, మానిక, కుంచము అను కొలతల పేర్లు మీ మనుమలకు తెలియవు. ఊరి బావులకు, బండలకు, పొలములకు గల పేర్లు, బతుకమ్మ నాటి పాటలు, సంతకు పోవు బండి త్రోవలు – ఇవి ఏ దఫ్తరులోను లేవు. మీ జ్ఞాపకములలో కలవు. ప్రతాపరెడ్డిగారు కావ్యములలో కష్టపడి వెదకిన సంగతులవంటివే ఇవి. రాబోవు చరిత్రకారుడు వెదకుటకు ఆధారమేది? మీరు వ్రాసి యుంచినదే ఆధారము.

ఒక నోటుపుస్తకము, ఒక కలము, సాయంకాలము ఒక గడియ. చదువు వచ్చిన పెద్ద వ్రాయవలెను, రానివారు చెప్పవలెను. భాష గ్రాంథికముగా నుండ పనిలేదు. మీరు మాటాడునట్లే వ్రాయుడు. ఊరి బడిలోనో గ్రంథాలయమునందో ఒక ప్రతి యుంచుడు.

నన్ను ప్రశ్నించిన ఆ పెద్ద నేడు లేరు. ఉండినచో ఆయనతో ఇట్లు చెప్పియుందును: "అయ్యా! ఆయన చెరువు కట్టించినట్లు నేను చెప్పలేను. కాని మీరు నన్ను నిలదీసి లెక్క అడిగితిరి గదా, ఆ అడుగు ధైర్యము ఈ సీమకు నేర్పినవారిలో ఆయన ఒకరు." ఆయన మరల నవ్వియుందురో లేదో తెలియదు. నా బాకీ మాత్రము తీరియుండును.

సెలవు.